లేపేశా

నేను అనువాదాలు చేసి బతుకుతాను. కథలూ కవిత్వాలూ అనుకునేరు, అంత అదృష్టం లేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, డ్రైవింగ్ లైసెన్సులు, విడాకుల తీర్పులు, మార్కుల జాబితాలు. జిరాక్స్ షాపు పైన ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, నా రిజిస్ట్రేషన్ నంబరు చెక్కిన గుండ్రటి రబ్బరు స్టాంపు. ప్రతి పేజీ కిందా ఆ స్టాంపు కొట్టి, 'ఇది మూలానికి యథాతథమని ప్రమాణం చేస్తున్నాను' అని రాసి సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళు పెట్టాను.

నాకు ముక్కుమీద కోపం. మా వీధిలో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. ఒకసారి ఒకాయన కొడుకు మార్కుల జాబితా తెచ్చి, లెక్కల్లో ఫెయిలయ్యాడన్న మాటను కాస్త మెత్తగా రాయమని బతిమాలాడు. ఉన్నది ఉన్నట్టు రాయడానికే నాకీ స్టాంపు ఇచ్చారనీ, మెత్తగా కావాలంటే పరుపుల షాపుకి వెళ్ళమనీ ఆయన మెట్లు దిగేదాకా తిట్టాను. అదీ నా గొప్ప. ఆ గొప్ప ఏమైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇంట్లో నేనూ మా తమ్ముడూ, అంతే. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు తేడా. అమ్మ పోయేనాటికి వాడు తొమ్మిదో క్లాసు. తర్వాత ఆరడుగులు పెరిగాడు గానీ ఇంట్లో మాత్రం బుడ్డోడుగానే మిగిలిపోయాడు. కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేసే షాపులో పని. నోట్లో నాలుక లేదు, పైగా మహా నిద్రమొహం. పొద్దున్నే వాణ్ణి లేపడం పెద్ద ప్రహసనం. ముందు పిలుస్తాను, తర్వాత ఫ్యాను ఆపుతాను, తర్వాత దుప్పటి లాగుతాను, అప్పటికీ కదలకపోతే గ్లాసుతో నీళ్ళు పట్టుకొస్తాను. పదమూడేళ్ళలో ఒక్కరోజు కూడా వాణ్ణి ఏడు దాటి పడుకోనివ్వలేదు.

పోయిన ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, నాకు పనులు తెచ్చే ఏజెన్సీ ఆయన లావుపాటి కవరొకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. పోలీసుల పని అన్నాడు. ఏదో దేశం వాళ్ళు అడిగారట. బయట పొక్కనివ్వనని ముందే ఒక కాగితంమీద సంతకం చేయించుకున్నాడు. రెండువందల పన్నెండు పేజీలు. ఇద్దరు మనుషులు ఫోన్లలో రాసుకున్న కబుర్లు. పేర్లున్నచోటల్లా నల్లరంగు పూసి 'ఒకటో వ్యక్తి', 'రెండో వ్యక్తి' అని కొట్టారు. వాటిని ఆ దేశం వాళ్ళ భాషలోకి మార్చాలి.

తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. చేతిరాతైతే మనిషిని పట్టిస్తుంది. మా తమ్ముడి 'క'కి తలకట్టు ఎప్పుడూ పక్కకి జారిపోతుంది, వెయ్యి కాగితాల్లోనైనా దాన్ని గుర్తుపడతాను. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో మాత్రం అందరూ ఒకే తల్లి కన్నట్టు ఉంటారు. అవే పొట్టి మాటలు, అవే నవ్వులు, అవే తప్పులు.

ఒకటో వ్యక్తి హ్యాకర్. అంటే ఎవరెవరి కంప్యూటర్లలోకో దొంగతనంగా దూరేవాడు. దూరి, ఎక్కడ తాళం వదులుగా ఉందో చూసి, రెండో వ్యక్తికి చెప్పుకుని మురిసిపోయేవాడు. ముప్ఫై ఒకటో పేజీలో 'పెద్దపులి ఇంట్లోనే ఉంది, తర్వాత మాట్లాడతా' అన్నాడు. యాభై ఎనిమిదిలో 'పెద్దపులి బయటికెళ్ళింది, మొదలెడదాం'. తొంభైలో 'పెద్దపులికి తెలిస్తే నా తోలు తీస్తుంది'. నేను తెలివిగలదాన్ని కదా, పేజీ కింద చిన్న అక్షరాలతో గమనిక పెట్టాను: 'పెద్దపులి: ముఠా నాయకుడి మారుపేరు కావచ్చు. నాయకుడు అదే ఇంట్లో ఉంటున్నట్టు తోస్తుంది.' ఆ గమనిక చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను.

నూట నలభై మూడో పేజీలో ఒకటో వ్యక్తి ఇలా రాశాడు. 'వాళ్ళ పెద్ద మిషన్ని లేపేశా. నాలుగు గంటలు పట్టింది. ఒళ్ళు హూనమైంది.'

లేపేశా. ఈ మాటను మనం రోజుకి ఎన్నిసార్లు వాడతామో. పిల్లాణ్ణి లేపేశా అంటే నిద్రలేపాననే. పడిపోయిన బండిని లేపేశా అంటే ఎత్తి నిలబెట్టానని. పర్సు లేపేశాడంటే కొట్టేశాడని. మనిషిని లేపేశారంటే చంపేశారని. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు, ఒక మాటకి రెండర్థాలుంటే ఒకటి పైన రాసి రెండోది కింద గమనికలో పెట్టాలి, అర్థాన్ని మింగేసే హక్కు మనకి లేదు అని. ముందు నాకు తట్టిన అర్థమే పెన్సిలుతో రాశాను. ఆగిపోయిన మిషన్ని మళ్ళీ నడిచేట్టు చేశాను, అని. రాసి, టీ పెట్టుకోడానికి లేచాను.

కింద షాపులో రేడియో పెద్దగా పెడతారు. వార్తలొస్తున్నాయి. కేసు ఇంకా తేలలేదట, అంతకు ఆర్నెల్ల ముందు ఫలానా తేదీన ఫలానా దేశంలో డయాలిసిస్ కేంద్రాలన్నింటికీ కలిపి ఉన్న పెద్ద కంప్యూటర్‌ని ఎవరో ఒకరోజంతా ఆపేశారట. ఎవరు ఏ టైముకి రావాలో, ఎవరికి ఎంతసేపు పెట్టాలో అన్నీ అందులోనే ఉంటాయట. చాలామందిని గుమ్మంలోంచే వెనక్కి పంపారు. ఒక ముసలాయన ఇంటికెళ్ళి చనిపోయాడు. ఆ దేశం పేరూ, ఆ తేదీ కూడా నా బల్లమీద కాగితాల్లో ఉన్నాయి.

అమ్మని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్ళేవాళ్ళం, నేనూ బుడ్డోడూ. ఒక్కపూట ఆలస్యమైతే అమ్మ కాళ్ళు ఎలా వాచేవో, ఊపిరి ఎలా అందేది కాదో నాకు తెలుసు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఒకటో వ్యక్తి నా ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఎదురుగా ఉన్నది కాగితమే కాబట్టి పెన్సిలుతో రాసింది చెరిపేసి, వాళ్ళ భాషలో ఆ మాటకున్న అన్నిటికంటే చెడ్డ అర్థం ఏరి మరీ రాశాను. ఖతం చేశాను, అని. కింద గమనిక పెట్టలేదు. స్టాంపు కొట్టాను. ఆ రోజు స్టాంపు కాస్త గట్టిగానే కొట్టి ఉంటాను.

సాయంత్రం అన్నం తింటున్నప్పుడు కూడా నా కోపం దిగలేదు. చేసే పని గురించి చెప్పకూడదు కాబట్టి రేడియో వార్తను పట్టుకుని చెడామడా తిట్టాను. ఇలాంటివాణ్ణి వాడి దేశంలో ఉంచి ముద్దు చేయకూడదనీ, ఎవరి ప్రాణం పోయిందో వాళ్ళకే అప్పగించాలనీ, ముప్ఫై ఏళ్ళు వేస్తారో ఉరే వేస్తారో వాళ్ళిష్టమనీ అన్నాను. బుడ్డోడు తలెత్తకుండా కలుపుకుంటున్నాడు.

"వాడే ఆపాడని ఎలా తెలుసక్కా?" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని తిను" అన్నాను.

తిన్నాడు. తిని, తన కంచంతో పాటు నా కంచం కూడా కడిగి పెట్టాడు.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున, నేను వాడి దుప్పటి లాగుతుండగా తలుపు కొట్టారు. నలుగురు పోలీసులు, ఒక కాగితం. వాడి రెండు కంప్యూటర్లూ, సంచీడు వైర్లూ, ఎప్పుడో పాడైపోయిన అమ్మ ఫోనూ కూడా పట్టుకెళ్ళారు. ఏదో పొరపాటనీ, వాడు ప్రింటర్లు బాగుచేసుకునే అమాయకుడనీ వీధి చివరిదాకా వాళ్ళ వెంటపడి అరిచాను. వాడు మాత్రం జీపెక్కేముందు నా చెప్పులు తెగిపోయాయని చూపించాడు.

లాయరుగా ఒకావిడ దొరికింది. నాకంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది, నా కేకలకి జడవదు. వాణ్ణి విచారణకి అప్పగించమని ఆ దేశం వాళ్ళు అడుగుతున్నారని ఆవిడే చెప్పింది. ఇక్కడ విచారణ జరిగితే చొరబాటు నేరానికి మూడేళ్ళు, మహా అయితే ఐదు. అక్కడైతే ప్రాణం పోయిందంటారు కాబట్టి ముప్ఫై ఏళ్ళదాకా పడొచ్చు. డయాలిసిస్ అన్న మాట ఆవిడ నోట విన్నప్పుడే నాకు నా బల్లమీది కాగితాలు గుర్తొచ్చాయి. అయినా ప్రపంచంలో ఇలాంటి కేసులు వంద ఉంటాయి కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఆవిడ ఫైలు నా ముందుకి తోసింది. "ఇది వాళ్ళు పంపిన అనువాదం. మీ పనే కదా, తప్పులేమన్నా ఉంటే చూసి చెప్పండి. కేసంతా దీనిమీదే నిలబడింది" అంది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, "ముందు ఒక్కటి చెప్పండి. మీ ఇంట్లో ఉండే ఈ పెద్దపులి ఎవరు? ముఠాకి నాయకుడట. మీ తమ్ముడు నోరు విప్పడం లేదు" అంది.

ఇంట్లో వాడు కాక ఉండేది నేనొక్కదాన్నే.

ఫైలు తెరిచాను. ప్రతి పేజీ కిందా గుండ్రటి స్టాంపు, అందులో నా నంబరు, పక్కన నా సంతకం. నూట నలభై మూడో పేజీలో స్టాంపు నీలంగా ముద్ద కట్టి ఉంది. నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు, గొంతులోంచి ఒక వింత శబ్దం వచ్చింది. లాయరమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చింది.

అంతా చెప్పాను. పెన్సిలూ, రేడియో, చెరిపేసిందీ అన్నీ. ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. తర్వాత నెమ్మదిగా, నేనీ సంగతి కోర్టులో చెబితే స్టాంపు పోతుందనీ, అది పోయినా వాడికి మేలు జరుగుతుందన్న నమ్మకం లేదనీ చెప్పింది. స్టాంపు తీసుకెళ్ళి ఎందులోనైనా పారేసుకోమను, నేను చెప్పే తీరతానన్నాను.

జైల్లో ములాఖత్‌కి వెళ్ళాను. మధ్యలో అద్దం, ఇటో ఫోను, అటో ఫోను. నిజం చెప్పి వాడి కాళ్ళు పట్టుకోవాలని వెళ్ళినదాన్ని, వాడి చొక్కా కాలరు చిరిగి ఉండటం చూసి ముందు దానికే తిట్లు మొదలుపెట్టాను. తర్వాత, ఆ కాగితాలు తర్జుమా చేసింది నేనేనని మొహం పక్కకి తిప్పుకుని చెప్పాను. వాడు నా వంక చూశాడు. మెల్లిగా నవ్వాడు. పెద్దపులి అన్న పేరు పదేళ్ళు నాకు తెలియకుండా దాచాడట, చివరికి నా చేతే తర్జుమా అయిందట.

ఆ రోజు జరిగింది వాడు చెప్పాడు. అలవాటు ప్రకారం లోపలికి దూరాడు. దూరేసరికే మిషన్ పడిపోయి ఉంది, ఎవరో ఆపేసి పోయారు. అది దేని మిషనో చూశాక బయటికి రాబుద్ధి కాలేదు. నాలుగు గంటలు కూర్చుని దాన్ని మళ్ళీ నడిపించాడు. ఆ ముసలాయన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. తలుపు తీసి ఉందని ఒకరింట్లోకి వెళ్ళడం తప్పేననీ, దానికి ఇక్కడ ఎంత శిక్ష వేసినా పడతాననీ అన్నాడు. ఈ లోపల వార్డెను టైమైందని చెయ్యి ఊపాడు.

"లేపేశా అంటే నీకు మంచి అర్థం తట్టలేదా అక్కా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

ముందు అదే తట్టిందిరా అని చెప్పాలి. క్షమించమని అడగాలి. కాలరు కుట్టించుకోమని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళినప్పుడు కూడా అంతే, తిండి గురించీ దుప్పటి గురించీ మాట్లాడి వచ్చాను. నా నోటికి తిట్లు వచ్చినంత సులువుగా ఆ ఒక్క మాట రాదని అప్పుడే తెలిసింది.

కోర్టులో పదిరోజులు నడిచింది. మా లాయరమ్మ గట్టిగానే వాదించింది. కుర్రాడు కూర్చున్న కుర్చీ ఇక్కడుంది, నొక్కిన మీటలు ఇక్కడున్నాయి, తప్పు చేస్తే ఇక్కడే చేశాడు, విచారణా ఇక్కడే జరగాలి అంది. అక్కడి భాష రాదు, అక్కడ పలకరించే దిక్కు లేదు, తన మాట తనే చెప్పుకోలేని చోట ఒక మనిషిని నిలబెట్టడం న్యాయమా అని అడిగింది. ప్రభుత్వ వకీలు దెబ్బ తగిలిన చోటు గురించి మాట్లాడాడు. మీటలు ఇక్కడ నొక్కితే ఏం, ప్రాణం అక్కడ పోయింది, సాక్షులు అక్కడున్నారు, ఏడ్చేవాళ్ళు అక్కడున్నారు అన్నాడు. అన్నం తింటూ నేను అన్న మాటలే ఇంకాస్త మర్యాదగా అన్నాడు.

తర్వాత ఆ ముసలాయన కూతురు రాసిన ఉత్తరం చదివారు. నాన్న ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడనీ, గుమ్మం దగ్గర గంటన్నర నిలబెట్టి రేపు రమ్మన్నారనీ, ఇంటికొచ్చి చొక్కా మడతపెట్టి పడుకున్నాడనీ రాసింది. ఎవర్నీ తిట్టలేదు. ఎవరు చేశారో తనకి తెలియాలని మాత్రం అడిగింది. నాకంటే ఎక్కువ పోగొట్టుకుని కూడా ఆవిడ ఒక్క మాట ఎక్కువ రాయలేదు. ఆవిడకి నిజం తెలియాలనే నాకూ ఉంది. ఆ నిజానికి నేనే అడ్డం పడ్డానని ఆవిడకి ఎవరు చెబుతారు?

నన్ను బోనెక్కించారు. పెద్దపులిని నేనేనని చెప్పగానే కోర్టంతా నవ్వింది, జడ్జిగారు కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పెదవి దాచుకున్నారు. బుడ్డోడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు, సిగ్గుతోనో దుఃఖంతోనో తెలియలేదు. తర్వాత లేపేశా అన్న మాట వచ్చింది. దాని నాలుగు అర్థాలూ చెప్పాను. ఆ పదిరోజుల్లో ఆ మాట తెలియని మనిషి కోర్టులో లేకుండా పోయాడు. ఆ దేశం నుంచి వచ్చిన అధికారి, మూడోవరసలో చిన్న నోటుపుస్తకం పట్టుకుని కూర్చునేవాడు, 'లే-పే-షా' అని నోట్లోనే పలుక్కోవడం నేను చూశాను.

ప్రభుత్వ వకీలు లేచాడు. "ఇతను మీ తమ్ముడని తెలియనప్పుడు ఒక అర్థం రాశారు. తెలిశాక ఇంకో అర్థం చెబుతున్నారు. ఏది నమ్మమంటారు?"

"రెండోది. మొదటిది కోపంలో రాశాను."

"అంటే మీకు కోపమొస్తే అర్థాలు మారిపోతాయన్నమాట" అన్నాడు. అని, ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

పద్దెనిమిదేళ్ళలో నన్ను అలా నోరు మూయించిన మనిషి లేడు. పైగా అతను అన్నది నిజం. ఎవరో తెలియని మనిషి కదా, ఎవరి తమ్ముడో కదా అని చెడ్డ అర్థం రాశాను. మా వాడని తెలిసుంటే గమనిక పెట్టేదాన్ని, పేజీ నిండా పెట్టేదాన్ని. నా స్టాంపుకి అంతకంటే పెద్ద శిక్ష అక్కర్లేదు. వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళు దాన్ని పట్టుకెళ్ళారు.

కోర్టు ఇంకొక అనువాదకుణ్ణి పిలిపించి ఆ పేజీ ఇచ్చింది. రిటైరైన తెలుగు మాస్టారు, చెవుడు, నిజాయితీపరుడు. రెండురోజులు ఆలోచించి, నేను చేయాల్సిన పని ఆయన చేశాడు. పైన ఒక అర్థం రాయకుండా నాలుగూ కింద రాసి, 'ఈ నాలుగింటిలో ఏది సరైనదో ఆ మాట అన్న మనిషే చెప్పగలడు' అని గమనిక పెట్టాడు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక వీణ్ణి పంపరనుకున్నాను. పిచ్చిదాన్ని, ఇంటికెళ్ళి వాడి దుప్పట్లు ఉతికి ఆరేశాను.

జడ్జిగారు తీర్పు నెమ్మదిగా చదివారు. ఇతను తప్పు చేశాడా లేదా అన్నది తేల్చడం ఈ కోర్టు పని కాదన్నారు. పంపడానికి తగిన అనుమానం ఉందా, కాగితాలు సక్రమంగా ఉన్నాయా అన్నది మాత్రమే చూస్తామన్నారు. మొదటి అనువాదం చేసినప్పుడు ఆమెకి ఎవరిమీదా పక్షపాతం లేదు, కాబట్టి దాన్ని తీసిపారేయలేం. రెండో అనువాదం ఏ అర్థమో తేల్చలేదు. ఆ మాట అన్న మనిషే తేల్చాలి కనుక, ఆ మనిషి వెళ్ళి అక్కడి కోర్టులోనే చెప్పుకోవాలి. అప్పగించడానికి అభ్యంతరం లేదు. బుడ్డోడు లేచి నిలబడి విన్నాడు. వాడికి అక్కడ ఎవరు అనువాదం చేస్తారో నేను అడగబోయాను గానీ, జడ్జిగారు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు.

పైకోర్టులో నెలన్నర తిరిగాం. అక్కడా అదే మాట.

విమానం మధ్యాహ్నం రెండున్నరకి. ఎయిర్‌పోర్టు పక్కన పోలీసుల భవనంలో వాణ్ణి ఉంచారనీ, పది నిమిషాలు చూడనిస్తారనీ లాయరమ్మ కబురు చేసింది. దారంతా ఒక్కటే వాక్యం వల్లె వేసుకుంటూ వెళ్ళాను. తప్పు నాదిరా, నన్ను క్షమించు. ఇంతే. ఐదేళ్ళ పిల్లలు కూడా చెప్పగలిగేంత చిన్నది.

తెల్ల గోడల గది. నేలకి బిగించిన బెంచీ, మూలన మంచినీళ్ళ డబ్బా, పైన గడియారం. బుడ్డోడు బెంచీమీద కూర్చునే నిద్రపోతున్నాడు. చేతులకి బేడీలు, మెడ పక్కకి వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. కాలరు ఎవరో నల్లదారంతో కుట్టిపెట్టారు. నాలుగురోజులుగా కంటిమీద కునుకు లేదనీ, ఇప్పుడే ఒరిగాడనీ కాపలా ఉన్న ఆడ కానిస్టేబులు చెప్పింది.

"లేపండమ్మా, పది నిమిషాలే టైము" అంది.

వంగాను. భుజంమీద చెయ్యి వేయబోయి ఆగిపోయాను. పదమూడేళ్ళు ఫ్యాన్లు ఆపినదాన్ని, దుప్పట్లు లాగినదాన్ని, నీళ్ళు చల్లినదాన్ని. ఒక్కరోజు వాణ్ణి తనివితీరా పడుకోనిస్తే నా సొమ్మేం పోయేది? ఇవాళ వీడికి ఉన్న కాస్త సుఖం ఈ నిద్రే. దీన్ని కూడా నేనే లాక్కోవాలా? పక్కన కూర్చున్నాను. బేడీల కింద వాడి బొటనవేలు ఒక్కటి పట్టుకున్నాను. వాడి గోరుకింద ఎప్పుడూ ఉండే ప్రింటరు సిరా మరక ఇప్పుడు లేదు.

తప్పు నాదిరా, అన్నాను. చాలా మెల్లిగా అన్నాను. ముందు మంచి అర్థమే తట్టిందిరా, నేనే చెరిపేశాను, అన్నాను. ఇన్నాళ్ళూ రాని మాటలన్నీ వరసగా వచ్చాయి. వాడికి ఏదీ వినపడలేదు. కానిస్టేబులు గోడవైపు తిరిగి నిలబడింది.

తలుపు చప్పుడుకి వాడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఇద్దరు మన పోలీసులూ, వాళ్ళ వెనక నోటుపుస్తకం అధికారీ లోపలికొచ్చారు. వాడు నన్ను చూశాడు, గడియారం చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చిన్నప్పుడు స్కూలు బస్సు వెళ్ళిపోయినప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"లేపాల్సింది కదక్కా" అన్నాడు.

చెరొక చెయ్యి పట్టుకుని వాణ్ణి నిలబెట్టారు. గుమ్మం దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.

అధికారి మాత్రం గుమ్మంలో ఆగాడు. ఆ మాట అతని చెవిన పడింది. లేపా, లేపా అని రెండుసార్లు తనలో తాను అనుకుని, జేబులోంచి పుస్తకం తీసి, ఇప్పుడు వాడు ఏమన్నాడో చెప్పమని వాళ్ళ భాషలో నన్ను అడిగాడు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

చెప్పాను. ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా. 'నన్ను నిద్ర లేపి ఉండాల్సింది అక్కా, అన్నాడు. అంతే.'

అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వాడి వెనకే వెళ్ళిపోయాడు. ఏం రాసుకున్నాడో నాకు కనపడలేదు.